రెండో టేకు లేని మారుమనసు

టోబీ మెరివెదర్ నోరు తెరిస్తే చాలు, ఎదుటివాళ్లకు నవ్వొచ్చేది. అతని అదృష్టమూ అదే, కర్మా అదే. చిన్నప్పుడు టీవీలో ఒక ఇంటి కథలో అల్లరి పిల్లవాడి వేషం వేశాడు. ఆ ఇంట్లో కిటికీ అద్దం పగిలినా, తల్లి పర్సు కనపడకపోయినా, కేకు సగం మాయమైనా అందరూ ఆ పిల్లవాడి వైపే తిరిగేవారు. వాడు కళ్లు ఇంతింత చేసుకుని, "నన్నడుగుతారేం, కుక్కనడగండి" అనేవాడు. ఇక దేశం దేశమంతా పొట్ట పట్టుకుని నవ్వేది. వేషం పేరు జిగ్గీ. మీసాలొచ్చేదాకా ఆ వేషమే వేయించారు. మీసాలొచ్చాక ఇంటికి పొమ్మన్నారు.

ఇప్పుడు అతనికి యాభై దగ్గర పడుతోంది. నడినెత్తి పలచబడింది. కట్టుకున్నది వదిలేసి వెళ్లిపోయింది. తాగుడు పట్టుకుంది, చాలాకాలం వదల్లేదు. ఆఖరికి ఎక్కడో దారి పక్క మోటెల్లో, గదిలో సొరుగు లాగితే బైబిలు కనపడింది. వేరే పనేమీ లేక చదవడం మొదలుపెట్టాడు. తెల్లారేసరికి మనిషి మారిపోయాడు. ఇందులో అబద్ధం లేదు, నటన లేదు. అయితే ఆ సంగతి ఎవరికి చెప్పబోయినా సొరుగు దాకా వచ్చేసరికి ఒకరు తప్పకుండా అడిగేవారు, సొరుగు తెరిచింది కుక్కేనా అని.

అందుకే దేవుడి సినిమాల్లోకి వచ్చాడు. తను చెబితే నమ్మనివాళ్లు, తెర మీద చూస్తే నమ్ముతారేమోనని ఆశ.

అమెరికాలో జార్జియా రాష్ట్రం దక్షిణాన టాలిసన్ అనే ఊళ్లో బాప్టిస్టు సంఘం పాస్టరు, బ్రదర్ హార్లన్ స్టబుల్‌ఫీల్డ్, ఒక సినిమా తలపెట్టాడు. కథ రాసింది ఆయనే, తీసేదీ ఆయనే. వేడ్ అనే రైతు తాగి తాగి ఇల్లు గుల్ల చేసుకుని, చివరికి గుడికొచ్చి, అందరి ముందూ నిలబడి పాపాలు ఒప్పుకుని ఏడుస్తాడు. ఆ ఏడుపు పండితే సినిమా పండినట్టే, లేకపోతే లేదు. వేడ్ వేషం టోబీకిచ్చారు. వేడ్ తల్లిగా గుడి వంటశాల పెత్తనం చూసే మిస్ ఓలా ఫే కుదిరింది. పెళ్లయినా ఆ వైపు పెద్దావిడలందరినీ మిస్ అనే పిలుస్తారు. గుడిలో కూర్చునే జనం వేషానికి ఆ గుడిలో కూర్చునే జనమే వచ్చారు. కెమెరా పట్టింది ఊళ్లో పెళ్లిళ్లకు వీడియోలు తీసే డెల్మార్.

మంగళవారం ఆ ఘట్టం మొదలుపెట్టారు. టోబీ వేదిక ముందు నిలబడి, గొంతు తగ్గించి, "నేను మా అమ్మ చేత కన్నీళ్లు పెట్టించాను" అని, ఆగాడు. జనం గొల్లుమన్నారు.

జనానిదే తప్పనలేం. తప్పంతా ఆ ఆగడంలో ఉంది. టీవీ నాటకాలు తీసేటప్పుడు ఎదురుగా నిజంగానే జనాన్ని కూర్చోబెట్టేవారు. మాట అను, నోరు మూసుకో, నవ్వు వచ్చి సర్దుకోనీ, అప్పుడు తర్వాతి మాట అందుకో. పాలపళ్లు ఊడకముందు నేర్పిన విద్య, ఎముకల్లోకి ఇంకిపోయింది. బజారుకెళ్లి రొట్టె కావాలని అడిగినా, అడిగి ఆగేవాడు. కొట్టువాడు నవ్వేవాడు. ఇక ఈ ఊళ్లో నలభై దాటిన ప్రతివాళ్లూ అతన్ని టీవీలో చూస్తూ పెరిగినవాళ్లే. అతను ఆగాడంటే మన వంతు వచ్చిందనుకుంటారు, నవ్వేస్తారు. పాపం వాళ్లకీ తెలియదు ఎందుకు నవ్వుతున్నారో.

పాస్టరు గారు సందివ్వకుండా చెప్పమన్నాడు. టోబీ పశువుల వేలంలో పాట పాడేవాడిలా గుక్క తిప్పుకోకుండా తన పాపాలన్నీ ఏకరువు పెట్టాడు. జనం ఇంకా నవ్వారు. ఎవరూ నవ్వకూడదని పాస్టరు గారు జనానికి ఆంక్ష పెట్టాడు. అందరూ పెదవులు కొరుక్కుని, పాటల పుస్తకాల్లో మొహాలు పెట్టుకుని ఓర్చుకున్నారు. గుడి నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో మూడో వరసలోంచి, చలికాలం పొద్దున్న మొరాయించే ట్రాక్టరు లాంటి శబ్దం ఒకటి బయల్దేరింది. అది బ్రదర్ హాయిట్ ముక్కు. అంతే, గుడి మొత్తం మళ్లీ కట్టలు తెంచుకుంది.

ఈ హాయిట్ సాటర్‌ఫీల్డ్ సంఘపెద్ద, ట్రాక్టర్లు అమ్ముతాడు, పాస్టరు గారికి బావమరిది. మనిషి తలుపుకు తలుపంత ఉంటాడు. వేడ్ వేషం తనకే రావలసిందని అతని లోపల ఉండనే ఉంది. దుకాణంలో ట్రాక్టర్ల మధ్య నిలబడి ఏడుపు సాధన చేస్తుంటే, చూసినవాళ్లు బేరాలు తగ్గాయేమో పాపం అనుకున్నారట.

ఆ సాయంత్రం పాస్టరు గారు టోబీని చిన్నపిల్లల సండే స్కూలు గదిలోకి తీసుకెళ్లాడు. ఇద్దరూ ఆ బుల్లి కుర్చీల్లో మోకాళ్లు గడ్డాలకు తగిలేలా కూర్చున్నారు. రేపు బుధవారం ఒక్కరోజే చూస్తానని, కుదరకపోతే వేడ్ వేషం హాయిట్‌కి ఇవ్వక తప్పదని పాస్టరు గారు మెత్తగా చెప్పాడు. టోబీని మాత్రం పంపించెయ్యనన్నాడు. బాతుల చెరువులో పడిపోయే పొరుగింటాయన వేషం ఒకటి ఉంది.

"నీకది బాగా నప్పుతుంది బ్రదర్" అన్నాడు.

టోబీ బుల్లి కుర్చీలోంచి ముందుకు వంగాడు. "పాస్టరు గారూ, వేషం సంగతి అలా ఉంచండి. నేను నిజంగానే మారాను" అన్నాడు. అని, అలవాటు చొప్పున ఆగాడు.

పాస్టరు గారు దైవభక్తి గలవాడు, దయ గలవాడు. ఎంత బిగపట్టుకున్నా ఆయన పెదవి కొస వణికింది. అది టోబీ చూశాడు.

ఇక ఆ పూట అతనికి అన్నం సహించలేదు. మిస్ ఓలా ఫే వేయించిన కోడి, చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె వడ్డించి ఎదురుగా కూర్చుంది. ఆవిడ వడ్డించినది వదిలేసినవాడు ఆ ఊళ్లో ఇంతవరకూ లేడు. సంగతేమిటని తరిచి తరిచి అడిగి, అంతా విని, లోపం చెవుల్లో ఉందని తేల్చింది. అతని చెవులు కాస్త ముందుకు వంగి ఉంటాయట, టోపీ పెడితే సరిపోతుందట. టోపీ లాభం లేకపోతే, కాలం చేసిన తన భర్త దగ్గర ఒక కంచరగాడిద ఉండేదట, అది పోయినప్పుడు ఆయన వారం రోజులు మంచినీళ్లు ముట్టలేదట, ఆ గాడిదని తలుచుకోమంది. టోబీ ఆవిడ మొహం చూసి సరేనన్నాడు.

బుధవారం మధ్యాహ్నం మళ్లీ అందరూ గుడిలో చేరారు. టోబీ టోపీ పెట్టుకోలేదు. గాడిదని మాత్రం నిజాయితీగా తలుచుకున్నాడు, ఎప్పుడూ చూడని గాడిద కావడంతో ఏమీ రాలేదు. పాస్టరు గారు చెవులకు హెడ్‌ఫోన్ల యంత్రం తగిలించుకుని మొదలుపెట్టమన్నాడు.

"నేను మా అమ్మ చేత కన్నీళ్లు పెట్టించాను."

ఆగాడు. ఎదురుగా హాయిట్ బుగ్గలు బుడగల్లా ఉబ్బి ఉన్నాయి, మొహం బీట్‌రూట్ దుంపలా ఎర్రబడింది. జనమంతా ఊపిరి బిగబట్టారు. వాళ్లంతా తన కోసం ఎంత కష్టపడుతున్నారో చూసేసరికి టోబీకి తర్వాతి మాట ఎగిరిపోయింది. ఎంత వెతుక్కున్నా వేడ్ పాపాల్లో ఒక్కటి గుర్తు రాలేదు.

"మరిచిపోయాను" అన్నాడు. హాయిట్ బుగ్గలు పేలిపోయాయి. అందరూ నవ్వారు.

టోబీ ఆ నవ్వు పూర్తయ్యేదాకా నిలబడ్డాడు. అలవాటే కదా. నవ్వు సర్దుకున్నాక, అతని నోట్లోంచి వేడ్‌కి సంబంధం లేని మాటలు వచ్చాయి.

"పర్లేదు, నవ్వండి. మా అమ్మ పోయిన రోజు ఆస్పత్రి వాళ్లు ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు. తాగి పడున్నాను. సమాధి చేసే రోజు నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. శవపెట్టె పక్కన నిలబడి, 'మా అమ్మ' అన్నాను. అని ఆగాను. అందరూ నవ్వారు. మా అమ్మ పెట్టె ముందు నవ్వారండీ. వాళ్ల తప్పేం లేదు. ఆగింది నేను."

మళ్లీ ఆగాడు. ఈసారి నవ్వు రాలేదు. చివరి బల్ల మీద ఎవరో ముసలాయన, మెల్లగా, "ఆమేన్" అన్నాడు.

ఆ గుడిలో మనిషి నిజం చెప్పి ఆగితే, ఆ ఖాళీ ఆమేన్‌ది. తరతరాలుగా అంతే. అది టోబీకి తెలియదు. తన ఖాళీలో నవ్వు కాక ఇంకొకటి కూడా పడుతుందని జన్మలో మొదటిసారి చూశాడు. ఇంకో మాట చెప్పి ఆగాడు. ఇద్దరు ముగ్గురు ఆమేన్ అన్నారు. ఇంకోటి చెప్పాడు. గుడంతా అన్నది. మోటెల్ గది సంగతి చెప్పాడు, సొరుగు సంగతి చెప్పాడు. కుక్క మాట ఎవరికీ గుర్తు రాలేదు. చెబుతూ చెబుతూ భోరుమన్నాడు.

ఇక అక్కడి నుంచి ఎవరి అలవాటు వాళ్లని లాక్కుపోయింది. పియానో ఆవిడ ఇటువంటప్పుడు ఎప్పుడూ వాయించే మెత్తటి పాట ఎత్తుకుంది. మిస్ ఓలా ఫే సినిమాలో తల్లిగా కూర్చోవలసినది, లేచొచ్చి అతని తల గుండెకు హత్తుకుంది. శవపెట్టె మాట వినగానే లేచి నిలబడ్డ హాయిట్ అప్పటికే వరస దాటొచ్చి, వలవలా ఏడుస్తూ ఇద్దరినీ కలిపి వాటేసుకున్నాడు. దుకాణంలో సాధన చేసిన ఏడుపు కాదది, చాలా వికారంగా ఉంది. పాస్టరు గారు చెవి యంత్రం తీసి పారేసి ముందుకొచ్చాడు. చేతులు పైకెత్తి, ప్రతి ఆదివారం అనే మాటే అన్నాడు.

"అందరూ తలలు వంచండి. అందరూ కళ్లు మూసుకోండి."

అందరూ తలలు వంచారు. కళ్లు మూసుకున్నారు. కెమెరా వెనక డెల్మార్ కూడా తల వంచి కళ్లు మూసుకున్నాడు.

ప్రార్థన అయ్యాక, కళ్లు తుడుచుకున్నాక, పాస్టరు గారికి తను సినిమా తీస్తున్న సంగతి గుర్తొచ్చింది. డెల్మార్ చిన్న తెర మీద తీసినది వేసి చూపించాడు. మాటలన్నీ గంట కొట్టినట్టు వినిపించాయి. శవపెట్టె మాట దగ్గర్నుంచి బొమ్మలో ఉన్నది మాత్రం ఒక్కటే, హాయిట్ వీపు. గళ్ల చొక్కా, ఒక పక్క పంట్లాంలోంచి ఊడి వచ్చి, తెర ఈ మూల నుంచి ఆ మూల దాకా. టోబీ చెవి కొస కూడా కనపడలేదు.

పాస్టరు గారు తల పట్టుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, ఇంకేముంది, ఎవరి చోట్లలో వాళ్లు కూర్చుంటే రెండోసారి తీసేద్దామన్నాడు. ఎవరూ కదల్లేదు.

"రెండోసారేంటి పాస్టరు గారూ?" అంది మిస్ ఓలా ఫే. "పాపాల నుంచి రక్షణ ఒక్కసారే, వచ్చిందంటే ఇక పోయేది లేదు, మళ్లీ పొందేది లేదని ముప్పై ఏళ్లుగా మాకు చెబుతున్నది మీరు కాదూ? రెండోది కావాలంటే మొదటిది ఉత్తుత్తిదనా?"

ఇది సినిమా సిస్టర్ అని పాస్టరు గారు నచ్చజెప్పబోయాడు. మేము ఏడ్చింది సినిమా కోసం కాదని ఆవిడ కొట్టిపారేసింది. రెండోసారి రక్షణ కావలసినవాళ్లు వీధి చివర మెథడిస్టుల గుడికి వెళ్లాలి, వాళ్లయితే వారం వారం ఇస్తారని హాయిట్ ముక్కు తుడుచుకుంటూ అన్నాడు. తన బోధే తనకు అడ్డం తిరిగేసరికి పాస్టరు గారు దారి మార్చాడు. పోనీ నువ్వే చెయ్యి బావా అని హాయిట్ వైపు చూశాడు. ఆ వేషం కావాలని అంతకాలం కాచుకుని కూర్చున్న హాయిట్ అడ్డంగా తలాడించాడు. అతని తల్లి పెట్టె పక్కన అతని బదులు తను నిలబడలేనన్నాడు.

అందరూ టోబీ వైపు తిరిగారు. అతని కళ్లు వాచి ఉన్నాయి. మిస్ ఓలా ఫే మొహానికద్దుకున్న పౌడరు చొక్కాకి అంటుకుని ఉంది.

"ఉంచేయండి పాస్టరు గారూ" అన్నాడు. "నా మొహం దేశమంతా చూసేసింది. ఈసారి బ్రదర్ హాయిట్ వీపు చూడనివ్వండి."

చొక్కా కొస లోపలికి దోపుకోనందుకు హాయిట్ భార్య వెనక నుంచి గట్టిగానే నిట్టూర్చింది.

ఆ బుధవారమే సంఘం పనుల మీద సమావేశం కూడా. పాస్టరు గారు ఎలాగూ అందరూ ఉన్నారు కదా అని టోబీని సంఘంలో చేర్చుకునే మాట ఎత్తాడు. పసితనంలో అతని నెత్తిన నీళ్లు చిలకరించి ఇచ్చిన బాప్తిస్మం లెక్కలోకి రాదని, ఆదివారం నిండా ముంచి బాప్తిస్మం ఇవ్వాలని తీర్మానించారు. చేతులెత్తమంటే గుడంతా ఎత్తింది. ఆదివారం కెమెరా తీసుకురానా అని డెల్మార్ అడిగాడు. మిస్ ఓలా ఫే అతని వైపు చూసిన చూపుకి మళ్లీ అడగలేదు.

భోజనాలయ్యాయి. టోబీ రెండుసార్లు వడ్డించుకుని, అరటిపండు పుడ్డింగు కూడా తిని, బెల్టు ఒక కన్నం వదులు చేసుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. మిస్ ఓలా ఫే వచ్చి అతని ఒళ్లో తడి గుడ్డ పడేసింది. ఇన్నాళ్లూ అతిథి కాబట్టి ఊరుకున్నామని, సంఘంలో కొత్తగా చేరినవాళ్లకి మొదటి ఏడాది గిన్నెలేనని, ఎవరూ ముట్టుకోని మాడు గిన్నె తొట్టిలో నానబెట్టి ఉందని చెప్పింది. టోబీ లేచి చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

"అడుగు బాగా గీకు నాయనా" అంది వెనక నుంచి. "మొన్న చేరినవాడు పైపైన కడిగి పోయాడు."