వాకిట్లో నాగజెముడు

మూడేళ్ళ క్రితం వేసవిలో అమెరికాలోని బెంటన్‌విల్‌లో వానలు మొహం చాటేసి, వీధిలో అందరి లాన్లూ ఎండిపోయాయి. చలికాలం ముందు మిగతావాళ్ళు మళ్ళీ గడ్డి పరిపించుకున్నారు. నళిని మాత్రం ఇంటి ముందు నేలంతా తవ్వించి, ఇసుకా కంకరా కలిపి పోయించి, నీళ్ళు అడగని మొక్కలతో తోట వేసుకుంది. డెంటల్ క్లినిక్ ఫ్రంట్ డెస్క్ దగ్గర రోజంతా అందరి పంటినొప్పులూ వినే మనిషికి ఆ తోటలో కాసేపు తిరిగితే ప్రాణం తెరిపిన పడేది.

అన్నిటికన్నా ఆమెకు ఇష్టమైంది ఓ చిన్న నాగజెముడు. ఆ ప్రాంతపు రాతినేలల్లో దానంతటది మొలిచే రకం, జానెడు ఎత్తుకు మించదు. పక్కింటి ముసలాయన హార్మన్ తన పొలంలోంచి అరచేతంత మట్ట తెంపి ఇచ్చి, కోసిన చోట ఎండి గట్టిపడ్డాకే ఇసుకలో గుచ్చమన్నాడు. ఆ తర్వాత దాని సంగతి మరిచిపొమ్మన్నాడు. మరవడం నళిని వల్ల కాలేదు. మంచుకాలంలో అది ముడతలు పడి నేలకు కరుచుకుపోతే చచ్చిందనే అనుకుంది. వసంతంలో మళ్ళీ నిగనిగలాడుతూ లేచేసరికి, భర్త దామోదర్‌ని చెయ్యి పట్టి లాక్కొచ్చి మరీ చూపించింది. అతను బాగుందని చెప్పి ఫోన్ చూసుకున్నాడు.

ఈ ఏడు మొగ్గలు తొడిగింది. అప్పటికే దామోదర్ తల్లి అనంతలక్ష్మి తణుకు నుంచి వచ్చి ఉంది. వచ్చిన రోజే ఆ మొక్కను చూసి ఆగింది.

“నాగజెముడు కదమ్మా ఇది. మావైపు పొలం గట్ల మీద కంచెకి వేస్తారు గానీ వాకిట్లో పెట్టుకోరు. ముళ్ళచెట్టు గుమ్మం ముందు ఉంటే ఇంటికి మంచిది కాదంటారు.”

అన్నది ఆ ఒక్కసారే. కానీ ఆ నెలలోనే దామోదర్ ప్రాజెక్ట్ ఆపేశారు. ఉద్యోగం పోయింది, రెండు నెలల్లో ఇంకోటి దొరక్కపోతే దేశం విడవాల్సిన గ్రేస్ పీరియడ్ మొదలైంది. నళిని ఉద్యోగం కూడా అతని వీసా మీదే ఆధారపడి ఉంది. అతను పొద్దస్తమానం లాప్‌టాప్ ముందు కూర్చునేవాడు, అన్నం పళ్ళెంలోనే చల్లారిపోయేది. ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు.

జూన్ మొదట్లో తొలి పువ్వు విచ్చింది, పసుపు రాసినట్టున్న రేకులతో. ముందు చూసింది అనంతలక్ష్మే. క్లినిక్‌కి బయల్దేరుతున్న కోడల్ని పిలిచి చూపించింది. చిన్నప్పుడు ఈ పళ్ళు ముళ్ళు రాల్చుకుని తిని, నోరంతా ఎర్రగా చేసుకుని అమ్మతో తిట్లు తినేవాళ్ళమని చెప్పి చాలా రోజుల తర్వాత నవ్వింది. పళ్ళు ఎప్పుడు వస్తాయని అడిగింది. శరదృతువులో అని నళిని చెబితే, అయితే అప్పటిదాకా ఉంటానంది.

రెండు రోజుల తర్వాత సాయంత్రం నళిని ఇంటికొచ్చేసరికి మొక్క లేదు. అది ఉన్న చోట కంకర చదును చేసి ఉంది. చెత్త బండి మధ్యాహ్నమే వచ్చి వెళ్ళిపోయింది.

వంటింట్లో అనంతలక్ష్మి చిక్కుళ్ళు ఒలుస్తోంది. మొక్క ఎవరు తీశారని నళిని అడిగింది. ఆ గొంతు విని దామోదర్ గదిలోంచి వచ్చాడు. తల్లి వంక చూశాడు, తల దించుకున్నాడు. నళినికి ఆ చూపే జవాబైంది.

“మీ నమ్మకాలు మీ ఊళ్ళో పెట్టుకోండి అత్తయ్యా. ఇది నా ఇల్లు. ఇక్కడ మీరు చుట్టంగా వచ్చారు, అంతే.”

అనంతలక్ష్మి ఒకసారి కొడుకు ముఖంలోకి చూసింది. దామోదర్ ఫ్రిజ్ తెరిచి మంచినీళ్ళు తాగాడు. ఆవిడ మళ్ళీ చిక్కుళ్ళు ఒలవడం మొదలుపెట్టింది.

ఆ వారంలోనే టికెట్ ముందుకు జరిపించుకుంది. ఎయిర్‌పోర్ట్‌లో వెళ్ళొస్తానమ్మా అంటే, నళిని సరేనండీ అంది.

ఆవిడ వెళ్ళిన కొద్దిరోజులకే దామోదర్‌కి ఆఫర్ వచ్చింది. ఆ క్షణంలో నళిని మనసులో మెదిలిన మొట్టమొదటి మాట, ఆ మొక్క పోవడమే మంచిదైందేమో అని. తనకే సిగ్గేసి ఆ ఆలోచనను తరిమేసింది.

స్నేహితులు చక్రధర్, రజిని భోజనానికి వచ్చారు. దామోదర్ చాలా రోజుల తర్వాత హుషారుగా ఉన్నాడు. అప్పడం విరుస్తూ చక్రధర్‌తో అన్నాడు.

“నేనూ నమ్మను గానీ, వాస్తు వీడియో ఒకటి చూసి ఆ ముళ్ళమొక్క పీకేశా. చూడు, నెల తిరక్కుండా కాల్ వచ్చింది.”

నళిని చేతిలో పప్పుగరిటె అలాగే ఆగిపోయింది. ఆ పప్పు రజినికి వడ్డించింది. అందరూ తిని వెళ్ళాక దామోదర్‌తో అంది.

“మీ అమ్మని నేను అంతంత మాటలన్నప్పుడు నువ్వక్కడే ఉన్నావు.”

“మర్నాడు ఇంటర్వ్యూ ఉంది నళినీ. నీతో గొడవపడే ఓపిక లేదు అప్పుడు. అమ్మే కదా, ఏమనుకోదులే. కావాలంటే అలాంటి మొక్క ఇంకోటి కొందాం.”

నళిని పై గదిలోకి వెళ్ళి తణుకుకి ఫోన్ చేసింది. క్షమించమని అడిగింది. అనంతలక్ష్మి మధ్యలో అడ్డుకోకుండా అంతా వింది.

“వాడు పార పట్టుకుని తవ్వడం కిటికీలోంచి చూశానమ్మా. చెప్తే మీ ఇద్దరూ కొట్టుకుంటారని ఊరుకున్నా. ఉద్యోగం లేక వాడప్పటికే సగమైపోయి ఉన్నాడు. తనంతట తానే చెప్తాడనుకున్నా, టికెట్ మార్చే రోజు వరకూ చూశా.”

“మళ్ళీ రండి అత్తయ్యా.”

“నువ్వు తెలీక అన్నావు, నాకు నీ మీద కోపం లేదు. కానీ చుట్టాన్నన్నావుగా. చుట్టం ఒకసారే వస్తుందమ్మా.”

నళిని ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. అనంతలక్ష్మి కోడలి ఆరోగ్యం అడుగుతుంది, ఏం వండావని అడుగుతుంది, అన్నిటికీ మర్యాదగా బదులిస్తుంది. దామోదర్ పక్కన కూర్చుని ఫోన్ తనకివ్వమని చెయ్యి చాపితే, స్టవ్ మీద పాలున్నాయని ఆవిడ పెట్టేస్తుంది.