కుళాయి తిప్పిన శనివారం

ఆ సంఘంలో బాప్తిస్మపు తొట్టి వేదిక కిందే ఉంటుంది. మామూలు ఆదివారాల్లో దానిమీద చెక్కలు పరిచి, చెక్కలమీద తివాచీ వేసి, తివాచీమీద ప్రసంగపీఠం నిలబెడతారు. పాస్టరుగారు ఎంత గంభీరంగా మాట్లాడినా ఆయన కాళ్లకింద ఉన్నది ఖాళీ తొట్టేనన్న సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు ప్లంబరు బాబాయ్. ఇరవై రెండేళ్లుగా దానికి వైద్యం చేస్తున్నది ఆయనే మరి. పగుళ్లకు సిమెంటు పూసేదీ ఆయనే, పైపులు మార్చేదీ ఆయనే, బాప్తిస్మాలున్నప్పుడు ముందురోజు శనివారం కుళాయి తిప్పి నడుంలోతు నీళ్లు నింపేదీ ఆయనే. నిండటానికి నాలుగు గంటలు పడుతుంది. ఆ నాలుగు గంటలూ గట్టుమీద కూర్చుని కాపలా కాస్తాడు.

అంతమంది మునిగి లేచిన ఆ తొట్టిలో ఆయన మాత్రం ఒక్కసారి కూడా మునగలేదు.

బాప్టిస్టుల దగ్గర ఈ విషయంలో మొహమాటాలుండవు. వయసొచ్చి, బుద్ధెరిగి, ఎవరంతట వాళ్లు అడిగి, నిలువునా మునిగి లేవాలి. అలా లేచినవాళ్లకే నెల మొదటి ఆదివారం ప్రభువు బల్లలో చెయ్యి. రొట్టె ముక్కల పళ్లెం, బుల్లి బుల్లి గ్లాసుల్లో ద్రాక్షరసం పెట్టిన పళ్లెం బెంచీ వెంట చేతులు మారుతూ వస్తాయి. ప్లంబరు బాబాయ్ వాటిని రెండు చేతులా అందుకుని, జాగ్రత్తగా, ఒక్క చుక్క తొణక్కుండా పక్కనున్న గడియారం తాతకు అందించేవాడు. ఈ తాత ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడు. ఇప్పుడు ప్రసంగాలు ఎన్ని నిమిషాలు నడిచాయో చూసి పెదవి విరుస్తుంటాడు. పళ్లెం బాబాయ్ దగ్గర ఆగదని ఆయనకు ఎంత అలవాటైపోయిందంటే, అది ఇంకా అవతలి మనిషి చేతిలో ఉండగానే తాత తన చెయ్యి చాచి సిద్ధంగా ఉంచేవాడు.

అలాగని బాబాయ్‌కి భక్తి లేదని ఎవరూ అనడానికి లేదు. ఆదివారం ఆరాధన, మంగళవారం స్త్రీల కూటం, బుధవారం బైబిలు తరగతి, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం ఊడ్పులూ తుడుపులూ, ఏదీ వదిలేవాడు కాదు. స్త్రీల కూటంలో మగవాడికేం పని అంటారేమో. ఆయన భార్య ఆ కూటానికి పెద్ద. వెళ్లిన ఇంటికల్లా భర్తను వెంటపెట్టుకు వెళ్తుంది. ఆ ఇంట్లో ప్రార్థన అయ్యేలోపు ఈయన వంటింటి కుళాయో స్నానాలగది పైపో బాగుచేసి పెడతాడు. కుళాయి కారుతున్నవాళ్లే కూటానికి ఇల్లిస్తారని గిట్టనివాళ్లు అనుకునేవారు.

ఆవిడను అందరూ మైకు పిన్ని అంటారు. పాటల బృందంలో మొదటి వరస. కరెంటు పోయిన ఆదివారాల్లో సంఘానికి ఆవిడే దిక్కు. కరెంటు ఉన్నప్పుడైతే ఆవిడ ముందునుంచి మైకు రెండడుగులు వెనక్కి జరుపుతారు. ఇంత గొంతున్న మనిషి భర్తను ఈ ఒక్క విషయంలో పల్లెత్తు మాట అనేది కాదు. పళ్లెం ఆయన్ని దాటి వెళ్లిపోయే క్షణంలో మాత్రం పాటల పుస్తకంలోకి చూసుకునేది.

కొంప ముంచింది ఓ ఆదివారం కారిన కుళాయి.

కొత్తగా వచ్చిన పాస్టరుగారు ఇరవై ఏడేళ్ల కుర్రవాడు. మనిషి బక్కపలచన. బైబిలు చంకలో పెట్టుకుంటే అటు ఒరిగిపోతాడేమో అనిపిస్తుంది. ప్రసంగం చివర ఆయన మృదువుగా, "అందరూ కళ్లు మూసుకోండి. బాప్తిస్మం తీసుకోవాలని ఉన్నవాళ్లు చెయ్యెత్తండి. నేనొక్కణ్ణే చూస్తాను" అన్నాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. ప్లంబరు బాబాయ్‌కి మాత్రం చెవిలో టప్పుమని చప్పుడు పడింది. మళ్లీ టప్పు. ఆ చప్పుడు విని కళ్లు మూసుకుని ఉండగల ప్లంబరు ఇంకా పుట్టలేదు. చూస్తే, వేదిక వెనక గోడకున్న తొట్టి కుళాయి కారుతోంది. నీరు సన్నగా జారి మైకు వైర్ల పెట్టె వైపు పోతోంది. ప్రార్థన మధ్యలో కేకెయ్యడం మర్యాద కాదు గనక, పాస్టరుగారి వెనక్కి చూపిస్తూ చెయ్యెత్తాడు.

"చూశాను బాబాయ్, చూశాను!" అన్నాడు పాస్టరుగారు. "పైవాడు కూడా చూశాడు!"

నేనొక్కణ్ణే చూస్తానన్న మాట గాలికి పోయింది. అందరూ కళ్లు తెరిచారు. వేలితో కుళాయి చూపిస్తూ బాబాయ్, మొహం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడుస్తూ మైకు పిన్ని. ఆ తర్వాత చేతులు కలిపేవాళ్లు కొందరు, వాటేసుకునేవాళ్లు కొందరు. అంత కౌగిలింతల మధ్య కూడా బాబాయ్ ఎలాగో గోడదాకా జరిగి వాల్వు కట్టేశాడు. నిజం చెబుదామని భార్య వైపు తిరిగాడు. ఆవిడ మొహంలో వెలుగు చూశాక నోరు పెగల్లేదు. వచ్చే ఆదివారమే బాప్తిస్మం, అదే రోజు ప్రభువు బల్ల అని ప్రకటన కూడా అయిపోయింది.

సోమవారం నుంచి ఆయనకు అన్నం సహించలేదు. ఎవరికీ తెలియని సంగతేమిటంటే, ప్లంబరు బాబాయ్‌కి నీళ్లంటే భయం. పైపులో నీళ్లు, బకెట్లో నీళ్లు, మోకాలిదాకా నీళ్లు, వీటితో పేచీ లేదు. తలమీదికొస్తేనే ప్రాణం పోతుంది. ఏడేళ్లప్పుడు, తాపీమేస్త్రీ అయిన తండ్రి వెంట పనికి వెళ్లి, కడుతున్న ఇంటి నేలతొట్టిలో పడ్డాడు. తండ్రి జుట్టు పట్టుకుని పైకి లాగాడు. ఆ రోజునుంచి ఈ రోజువరకు మొహంమీద చెంబుడు నీళ్లు పోసుకోలేదు. తల రుద్దుకోవాలంటే ముందుకు వంగి, ముక్కు పట్టుకుని, నానా అవస్థా పడతాడు. ఊళ్లో సగం ఇళ్లకు నీళ్లందించిన మనిషి ఈ మాట ఎవరితో చెప్పుకుంటాడు? భక్తి చాలదనుకుంటే అనుకోనీ, భయస్థుడని నవ్వితే తట్టుకోలేననుకుని ఇరవై రెండేళ్లు నీళ్లు నమిలాడు.

శుక్రవారం ఉపవాస ప్రార్థనకు గంట ముందు పాస్టరుగారు కబురంపాడు. బాబాయ్ వెళ్లేసరికి చెక్కలు తీసి ఉన్నాయి. పాస్టరుగారు ఖాళీ తొట్టిలో నిలబడి ఉన్నాడు.

"ఒక్కసారి రిహార్సల్ చేద్దాం బాబాయ్. మీరు ఊరికే వెనక్కి వాలండి. నేను పట్టుకుంటాను."

తనలో సగం కూడా లేని ఆ మనిషిని బాబాయ్ కిందనుంచి పైదాకా చూశాడు. తొట్టిలోకి దిగి, చేతులు గుండెమీద పెట్టుకుని వెనక్కి వాలాడు. ఆయన వాలడం, పాస్టరుగారి మోకాళ్లు వంగడం, ఇద్దరూ తొట్టి అడుగున చతికిలబడడం ఒకేసారి జరిగాయి. సరిగ్గా అప్పుడే ముందుగా వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు పైనుంచి తొంగిచూశారు.

"ఏం లేదమ్మా, ప్రార్థన చేసుకుంటున్నాం" అన్నాడు పాస్టరుగారు బాబాయ్ కిందనుంచి.

వాళ్లు వెళ్లాక ఇద్దరూ గోడకు వీపులు ఆనించి కూర్చున్నారు. "మీకో నిజం చెప్పనా బాబాయ్?" అన్నాడు పాస్టరుగారు. "నేనింతవరకు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. మొదటి మనిషే మీరు. వారంనుంచి నాకు నిద్ర లేదు."

ఆ మాటతో బాబాయ్ గుండెమీద బరువు సగం దిగింది. "నాకూ లేదు పాస్టర్‌గారూ" అని మొదలుపెట్టి, కారిన కుళాయి, ఎత్తిన చెయ్యి, నేలతొట్టి, తండ్రి పట్టుకున్న జుట్టు, అన్నీ చెప్పేశాడు. పాస్టరుగారికి ముందు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"ఆ చెయ్యి సంగతి వదిలేయండి. అసలు మీకు కావాలని ఉందా?"

బాబాయ్ తొట్టి అంచుకేసి చూశాడు. "ఆ పళ్లెం నా చేతిలోకొచ్చిన ప్రతిసారీ ఉంటుందండీ" అన్నాడు. "ఆకలేసినట్టుంటుంది. పక్కకిచ్చేస్తాను. ఇంటికెళ్లినా ఆకలి పోదు."

"అయితే ఇలా చేద్దాం. పొరపాటున లేచిన చేతిని బట్టి నేను ముంచను. రేపు కుళాయి మీ చేతిలోనే ఉంటుందిగా. తిప్పారంటే మీరు అడిగినట్టు. తిప్పకపోతే తొట్టి సిద్ధంగా లేదని నేనే ప్రకటిస్తాను. నీళ్లు లేకపోతే సిద్ధంగా లేనట్టేగా, అబద్ధమేం కాదు."

శనివారం పది గంటలకే బాబాయ్ గట్టుమీద కూర్చున్నాడు. కుళాయికి కొత్త వాషరు వేశాడు. దానిమీద చెయ్యి వేశాడు, తీశాడు. కిటికీలు తుడిచాడు. తుడిచిన కిటికీలే మళ్లీ తుడిచాడు. పన్నెండైంది. ఒంటిగంటైంది. తొట్టి పొడిగానే ఉంది.

అప్పుడు మైకు పిన్ని వచ్చింది, చేతిలో తెల్ల అంగీతో. సంఘంలో ఉన్న అంగీలేవీ ఆయన భుజాలకు పట్టవని రెండింటిని విప్పి ఒకటిగా కుట్టింది. నీళ్లలో గొడుగులా పైకి తేలకుండా అంచు మడతలో సీసపు గుళ్లు కూడా పెట్టింది.

ఆ కుట్లు చూసి బాబాయ్ ఇక తట్టుకోలేకపోయాడు. "ఒసే, నేను చెయ్యెత్తింది బాప్తిస్మానికి కాదే. కుళాయి కారుతోందని."

"తెలుసు" అంది ఆవిడ, అంగీ మడత పెడుతూ.

"తెలుసా?"

"పాటల బృందం మీకెదురుగానే కదండీ నిలబడేది. కళ్లు మూసుకోమంటే నేనెప్పుడు మూసుకున్నాను గనక? బాప్తిస్మానికైతే అరచెయ్యి ఎత్తుతారు. మీరు వేలు చూపించారు."

"మరి ఎందుకలా ఏడ్చావ్?"

"ఇరవై రెండేళ్లనుంచి ఆ చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని చూస్తున్నానండీ. దేనికి లేచిందని అప్పుడు ఆలోచించలేదు. ఏడుపొచ్చేసింది, అంతే."

బాబాయ్ తల వంచుకున్నాడు. "నీళ్లు... నాకు..."

"అదీ తెలుసు. పెళ్లైన వారానికే తెలుసు. వంగి తల రుద్దుకునే మగాణ్ణి మిమ్మల్నే చూశాను. మీరు చెప్పనప్పుడు నేనెందుకు అడగాలని ఊరుకున్నాను." ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. "మీకిష్టం లేకపోతే వద్దు. ఈ అంగీ కిటికీకి పరదా అవుతుంది. మునిగితే మాత్రం ఒక్క మాట. పైన నేను పాడుతూనే ఉంటాను. కిందిదాకా వినిపిస్తుంది. నా గొంతు సంగతి మీకు తెలీదా?"

బాబాయ్ నవ్వాడు. వారంలో నవ్వడం అదే మొదలు. ఒంటిగంటన్నరకు కుళాయి తిప్పాడు. ఇద్దరూ గట్టుమీదే కూర్చుని, ఆవిడ తెచ్చిన టీ తాగుతూ, నడుంలోతు వచ్చేదాకా చూశారు.

మర్నాడు బెంచీలు చాల్లేదు. మునగబోయే ముందు సాక్ష్యం చెప్పడం పద్ధతి. రెండంగీల అంగీలో బాబాయ్ నీళ్లలో నిలబడ్డాడు. "పోయిన ఆదివారం నేను చెయ్యెత్తింది ఆ కుళాయి కారుతోందని చెప్పడానికి" అన్నాడు. గుడంతా గొల్లుమంది. బాబాయ్ నవ్వులు ఆగేదాకా ఆగాడు. తర్వాత అరచెయ్యి పూర్తిగా విప్పి పైకెత్తాడు. "ఇది మాత్రం కుళాయి కోసం కాదు. నాకు నీళ్లంటే భయం. చిన్నప్పట్నుంచీ భయం. అయినా నాకిది కావాలి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మైకు పిన్ని పాట ఎత్తుకుంది. ఎవరూ మైకు జరపలేదు, అసలు మైకు పెట్టలేదు.

పాస్టరుగారు ఆయన వీపుకింద చెయ్యి వేశాడు. బాబాయ్ ముక్కు పట్టుకుని, కళ్లు మూసుకుని వెనక్కి వాలాడు. నీళ్లు మొహంమీదికొచ్చాయి. ఏడేళ్లప్పటి చీకటి వచ్చి మీద పడబోయింది. అంతలో ఆ గొంతు వినిపించింది. మాటలు తెలియడం లేదు, గొంతు మాత్రం ఆవిడదే. నీళ్లలోకి కూడా వచ్చేసింది. బాబాయ్‌కి భయం పోలేదు. కానీ ఆ భయంలో తనొక్కడే లేడు.

అప్పుడే పాస్టరుగారి కాలు జారింది. పైన నిలబడవలసిన మనిషి కూడా బుడుంగుమని కిందికొచ్చాడు. నీళ్లలో చేతులు కాళ్లు కొట్టుకుంటున్న ఆ బక్కప్రాణిని బాబాయ్ చూశాడు. కళ్లు తెరిచే చూశాడు. కాళ్లు నిలదొక్కుకుని, పాస్టరుగారిని చంకకింద ఇరికించుకుని పైకి లేచాడు. ఎవరు ఎవరికి బాప్తిస్మం ఇచ్చారో గుడిలో ఎవరికీ తెలియలేదు.

"నాలుగు సెకన్లు" అన్నాడు గడియారం తాత, చేతి గడియారం చూసుకుంటూ. "తల పూర్తిగా మునిగింది. ఇద్దరిదీ."

ఇక నవ్వులూ చప్పట్లూ ఆగలేదు. పాస్టరుగారు దగ్గుతూనే స్తోత్రం చెప్పాడు. మైకు పిన్ని పాడుతూ, ఏడుస్తూ, నవ్వుతూ పల్లవి మూడుసార్లు పాడేసింది.

ఒళ్లు తుడుచుకుని, పొడిబట్టలు కట్టుకుని, తడిజుట్టుతోనే బాబాయ్ వచ్చి తన బెంచీమీద కూర్చున్నాడు. ప్రభువు బల్ల మొదలైంది. ప్రార్థన అయ్యాక రొట్టె పళ్లెం చేతులు మారుతూ వచ్చింది. అది ఇంకా మూడో మనిషి దగ్గరుండగానే అలవాటుకొద్దీ గడియారం తాత చెయ్యి చాచేశాడు.

పళ్లెం బాబాయ్ చేతుల్లోకి వచ్చింది. అక్కడ ఆగింది. తాత చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. ఎదురుగా మైకు పిన్ని ఈసారి పుస్తకంలోకి చూసుకోలేదు.

"కాస్త ఆగు తాతా," అన్నాడు బాబాయ్, రొట్టె ముక్క తీసుకుంటూ, "ముందు నేను తీసుకుని ఇస్తాను."