ఏకాంతానికి మూడు వేలమంది

తౌనో ర్యుహానెన్‌కి ఒంటరిగా ఉండాలంటే మూడు వేలమంది కావాలి. నవ్వేవాళ్ళు నవ్వండి గానీ, మా ఫిన్లాండులో పుట్టినవాళ్ళకి ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది. పదిమంది ఉన్నచోట పలకరించాలి. వందమంది ఉన్నచోట కనీసం తల ఊపాలి. మూడు వేలమంది ఉన్నచోట ఎవరూ ఎవరి జోలికీ రారు. అందుకే తౌనో పద్నాలుగేళ్ళుగా సెలవులకి పెద్ద ఓడ తప్ప ఎక్కలేదు.

కోవొలా ఊళ్ళో ముప్ఫై నాలుగేళ్ళు లిఫ్టుల తనిఖీ ఉద్యోగం చేసి రిటైరయ్యాడతను. లిఫ్టు మంచిదో కాదో తేల్చాలంటే ఒక్కడే ఎక్కాలి, ఒక్కడే దిగాలి, మధ్యలో ఎవరూ ఎక్కకూడదు. అంతకంటే గొప్ప ఉద్యోగం భూమ్మీద ఉంటుందని అతను అనుకోడు. ఇంటి దగ్గరా అదే పద్ధతి. బయటికి వెళ్ళాలంటే ముందు తలుపుకున్న కంతలోంచి చూస్తాడు. ఎదురింటావిడ మెట్లమీద కనబడితే ఆవిడ కిందికి దిగి, వీధి తలుపు చప్పుడయ్యేదాకా చెప్పులేసుకుని అలాగే నిలబడతాడు. ఇందులో వింతేమీ లేదు, మా మేడల్లో సగం జనం బయటికి వెళ్ళేది ఇలాగే.

అతని భార్య ఇర్మెలి మాత్రం ఏ దేశంలో పుట్టాల్సిన మనిషో పొరపాటున మా దగ్గర పుట్టింది. బళ్ళో వంటామెగా పనిచేసినన్నాళ్ళూ నాలుగు వందలమంది పిల్లల పేర్లు నోటికి వచ్చేవి. ఇప్పుడు మంగళవారం పాటల బృందం, బుధవారం కూరగాయల మళ్ళ సంఘం, మిగిలిన రోజుల్లో కాఫీకి వచ్చేవాళ్ళు, వాళ్ళు వెళ్ళాక ఫోను. ఇంట్లో తౌనో వంతు వచ్చేసరికి ఆమె గొంతు బొంగురుపోయి ఉంటుంది. "ఇప్పుడు కాదు తౌనో, నోరు నొప్పెడుతోంది" అనేది. తౌనో సరేనని తల ఊపేవాడు.

అసలు సంగతి ఇక్కడుంది. పెద్ద ఓడలో ఇర్మెలికి ఒక్క మనిషి కూడా తెలియదు. ఇద్దరికి సరిపోయే బల్ల, ఎనిమిది రోజులు, ఎదురుగా ఇర్మెలి. పలకరించడానికి మరో దిక్కులేక ఆమె ఆ ఎనిమిది రోజులూ తౌనోతోనే మాట్లాడేది. మిగతా ఏడాదంతా అతను ఆ ఎనిమిది రోజులకోసం బతికేవాడు. ఈ ముక్క మాత్రం ఆమెకి ఏనాడూ చెప్పలేదు. చెప్పిందల్లా తొమ్మిది భోజనశాలల గురించి, ఓడలో ఉన్న ఇద్దరు డాక్టర్ల గురించి, పెద్ద ఓడ అలలకి ఊగదనే విషయం గురించి.

ఫిబ్రవరిలో ఒకరోజు ఇర్మెలి ఓ రంగుల కాగితం తెచ్చి బల్లమీద పరిచింది.

"ఇదిగో, లుమ్మె అని చిన్న ఓడ. తుర్కులో ఎక్కితే దీవుల మధ్యనుంచి గోట్లాండు దాకా వెళ్ళొస్తుంది. ఇరవైనాలుగు మందే. అందరికీ ఒకటే బల్ల."

"ఒకటే బల్లా?" అన్నాడు తౌనో, డాక్టరు నోట చెడ్డకబురు విన్నవాడిలా.

"ఆ, ఒకటే. అందరూ కలిసి తింటారు. ఏం, అరుగుదల ఉండదా నీకు?"

"చిన్న ఓడ ఊగుతుంది."

"ఊగితే ఊగనీ. ఉయ్యాల్లో పెరగలేదా ఏంటి నువ్వు?"

"డాక్టరు ఉండడు."

"నీకు రోగమేంటో చెప్పు, డాక్టరుకి నేను చెబుతా." ఇర్మెలి కుర్చీ లాక్కుని కూర్చుంది. "చూడు తౌనో. పద్నాలుగేళ్ళు నీ మాట విన్నాను. ఈసారి నా మాట విను. వచ్చి, మనుషుల్లో మనిషిలా మసులుకో. ఎప్పట్లాగే తలుపుచాటున దాక్కున్నావో, వచ్చే ఏడు నుంచి నేను మా సినిక్కాని తీసుకుని వెళ్తా. నువ్వు ఇంట్లోనే ఉండి గోడలతో కాపరం చెయ్యి."

సినిక్కా ఇర్మెలి చెల్లెలు. అక్క పిలుపుకోసం పెట్టె సర్దుకుని కూర్చునే రకం. ఏడాదిలో తనకున్న ఆ ఎనిమిది రోజులూ సినిక్కా పాలవుతాయని తలుచుకున్నాడు తౌనో. వెంటనే ఒప్పుకున్నాడు.

జూన్‌లో ఓడ ఎక్కగానే మొదట చూసింది గది తలుపు. దానికి కంత లేదు. ముప్ఫై నాలుగేళ్ళు జనం ప్రాణాలకి పూచీపడ్డ మనిషి అంత నిర్లక్ష్యం ఎక్కడా చూడలేదు. పైగా నడవా ఎంత సన్నమంటే ఎదురుపడిన ఇద్దరిలో ఒకరు వెనక్కి నడవాలి, లేదా ఇద్దరూ పొట్టలు ఆనించుకుని పక్కకి జరగాలి. పదమూడు గదులు, ఒకటే నడవా, ఒకటే మెట్లు. చేసేదిలేక తౌనో తలుపుకి చెవి ఆనించి, అడుగుల చప్పుడు పోయాకే బయటికి వెళ్ళడం అలవాటు చేసుకున్నాడు.

రెండు రోజుల్లో ఇర్మెలికి ఓడలో అందరి మోకాళ్ళ ఆపరేషన్లూ, మనవల పేర్లూ వచ్చేశాయి. కెప్టెన్ గున్వోర్ అనే ఆవిడ ఆలాండు దీవుల మనిషి, ఆవిడకి పిల్లి ఉందని కూడా తెలిసిపోయింది. భోజనాల దగ్గర ఎవరు ముందొస్తే వాళ్ళు ఇర్మెలి పక్కన కూర్చునేవాళ్ళు. చెవి ఆనించి చప్పుడు పోయేదాకా ఆగి వచ్చేవాడు ఎప్పుడూ ఆఖరే కదా. బల్ల చివర కూర్చుని, హెర్రింగు చేపా సోయికూర చల్లిన కొత్త బంగాళాదుంపలూ ముందు పెట్టుకుని, అంతదూరాన నవ్వుతున్న పెళ్ళాన్ని చూస్తూ తినేవాడు. అతనికి ఏడుపొచ్చినంత పనయ్యేది. రెండు రోజుల్లో ఆమె అతనితో అన్నది మొత్తం కలిపితే, స్వెట్టరు వేసుకో, ఆ వెన్న ఇటు పంపించు, నేను పడుకుంటున్నా. అంతే.

మూడోరోజు సాయంత్రం అయిదింటికి కెప్టెన్ విందు. ఇర్మెలి జాలిపడిందో ఏమో, పూల గౌను వేసుకుని వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"నేను ముందు వెళ్తున్నా. నా పక్క కుర్చీమీద శాలువా వేసి ఉంచుతా, ఎవర్నీ కూర్చోనివ్వను. అయిదు నిమిషాల్లో రా. టై సరిగ్గా కట్టుకో."

తౌనో టై రెండుసార్లు విప్పి మూడోసారి కట్టుకున్నాడు. తల దువ్వుకున్నాడు. పెళ్ళినాడు కూడా ఇంత హడావిడి పడలేదు. తలుపు పిడిమీద చెయ్యి వేశాడు. సరిగ్గా అప్పుడు ఎదుటి గదిలోంచి ఎవరో గొంతు సవరించుకున్న చప్పుడైంది. తాళంచెవి గలగలలాడింది.

సరే, వాడు వెళ్ళాక వెళదాం అనుకున్నాడు తౌనో. పిడి వదిలేసి నిలబడ్డాడు.

ఎదుటి గదిలో ఉన్నది అర్వో హుప్పొనెన్ అనే పెద్దమనిషి. భార్య పోయి మూడేళ్ళయింది. కూతురు బలవంతం చేసి ఈ ఓడ ఎక్కించింది. అతనూ పిడిమీద చెయ్యి వేసేసరికి ఇటునుంచి బూటు కిర్రుమన్న చప్పుడు విన్నాడు. ఎదుటాయన వెళ్ళాక వెళదాంలే అని అతనూ ఆగాడు. ఇలా ఇద్దరు మర్యాదస్తులు, చేతికర్ర పొడవంత వెడల్పున్న నడవాకి అటొకరూ ఇటొకరూ, రెండు తలుపుల వెనక టైలు కట్టుకుని నిలబడ్డారు.

పది నిమిషాలైంది. తౌనో మెల్లగా ఒక కాలిమీదనుంచి రెండో కాలిమీదికి మారాడు. అటువైపు నేలచెక్క కూడా కిరకిరమంది. ఇంకా వెళ్ళలేదు వెధవ, అనుకున్నాడు. పైన శాలువా వేసిన కుర్చీ కళ్ళముందు ఆడుతోంది. అయినా చెయ్యి కదలలేదు. ఇప్పుడు తలుపు తీస్తే, ఇంతసేపూ ఇక్కడే నిలబడ్డానని ఎదుటివాడికి తెలిసిపోతుంది. ఎంత ఆలస్యమైతే అంత సిగ్గు, ఎంత సిగ్గైతే అంత ఆలస్యం.

అరగంటకి ఎవరో వచ్చి తలుపు తట్టారు. తౌనో ఊపిరి బిగబట్టాడు. ముందుగా చెప్పకుండా వచ్చి తలుపు తట్టినవాళ్ళకి అతను జన్మలో తలుపు తీయలేదు. అర్వో తలుపూ తట్టారు, అతనూ తీయలేదు. తట్టింది, రాని ఇద్దర్నీ వెతకమని కెప్టెన్ పంపిన ఓడ పనివాడు. వాడి జేబులో అన్ని గదుల తాళాలూ ఉన్నాయి. కానీ పిలవకుండా తాళం తీసి మనుషుల గదిలోకి తొంగిచూడటం ఏం మర్యాదని వాడు వెళ్ళిపోయి, గదుల్లో ఎవరూ లేరని చెప్పాడు. వాడూ మావాడే మరి.

పైన కెప్టెన్ రెండోసారి తలలు లెక్కపెట్టింది. ఇరవైరెండు. భోజనశాలలో లేరు, ఆవిరిస్నానం గదిలో లేరు, పైకప్పుమీద లేరు, గదుల్లో లేరు. చిన్న ఓడలో ఇక మిగిలింది సముద్రం ఒక్కటే.  ఓడ ఆగింది. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత మోగాయి.

అపాయం కూత! తౌనో నియమాల మనిషి. అపాయం కూత వినిపిస్తే తలుపు తీసుకుని బయటికి రావాలన్నది నియమం, అందులో సిగ్గుకి చోటు లేదు. మంచం కింది లైఫ్ జాకెట్ తీసి టైమీద తగిలించుకుని ధడాల్న తలుపు తీశాడు. ఎదురుగా అదే క్షణంలో, అదే నారింజరంగు జాకెట్‌లో, నీలం టైతో అర్వో.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"మీరు పదండి," అన్నాడు తౌనో.

"అయ్యో, మీరే ముందు."

"మీరు పెద్దవారు."

"మీరు మెట్లకి దగ్గర." అర్వో దగ్గాడు. "నిజం చెప్పాలంటే అండీ, గంటసేపట్నుంచి మీరు వెళతారేమోనని చూస్తున్నా."

"నేనూ అంతేనండి."

చివరికి ఇద్దరూ పక్కలకి తిరిగి, జాకెట్లు రాసుకుంటూ, ఒకేసారి మెట్లు ఎక్కారు.

పైన ఇరవై ఒక్కమంది జాకెట్లతో వరసగా నిలబడి ఉన్నారు. ఇర్మెలి వరసలో లేదు. కమ్మీ పట్టుకుని, వంగి, నీళ్ళకేసి చూస్తూ "తౌనో! తౌనో!" అని అరుస్తోంది. ఇంట్లో అందరితో మాట్లాడి బొంగురుపోయే గొంతు ఇప్పుడు ఆ పేరొక్కటి పిలిచి పిలిచి బొంగురుపోయింది.

"ఇక్కడున్నా," అన్నాడు తౌనో వెనకనుంచి.

ఆమె తిరిగి చూసింది. ముందు మనిషిని చూసింది, తర్వాత టైని చూసింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది.

"ఎక్కడ చచ్చావు?"

"తలుపు వెనకాల."

"గంటసేపా?"

"ఆయన వెళతాడేమోనని..."

అర్వో నేలచూపులు చూశాడు.

"నేనిక్కడ నువ్వు నీళ్ళలో పడ్డావని ఏడుస్తుంటే నువ్వు తలుపు వెనకాల నిలబడ్డావా? అయిపోయింది తౌనో, ఇంక నావల్ల కాదు. వచ్చే ఏడు సినిక్కాతోనే వెళ్తా. ఆ పై ఏడు కూడా."

చుట్టూ ఇరవైరెండు మంది, కెప్టెన్, పనివాళ్ళు. తౌనో జన్మలో ఇంతమంది ఎదుట నోరు విప్పలేదు. అడుగు వెనక్కి వేస్తే మెట్లున్నాయి, కింద గది ఉంది, దానికో తలుపుంది. అతను వెనక్కి వేయలేదు.

"ఇంట్లో నువ్వు అందరి మనిషివి ఇర్మెలీ," అన్నాడు. గొంతు తనకే కొత్తగా వినిపించింది. "పాటలవాళ్ళ మనిషివి, మళ్ళవాళ్ళ మనిషివి, ఫోను మనిషివి. పెద్ద ఓడలో మూడు వేలమందిలో నీకు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ ఎనిమిది రోజులూ నాతోనే మాట్లాడతావు. నాకు పెద్ద ఓడ కావాలన్నది అందుకే. భోజనశాలల కోసమూ కాదు, డాక్టర్ల కోసమూ కాదు, అదంతా ఉత్తమాట."

ఇది విన్న ఇరవైరెండు మందీ గబుక్కున వీళ్ళకి వీపులు తిప్పి, ఏమీలేని సముద్రాన్ని మహా శ్రద్ధగా చూడటం మొదలుపెట్టారు. కెప్టెన్ కూడా దుర్భిణీ కళ్ళకి పెట్టుకుంది.

"ఈ మాట పెద్ద ఓడలోనే చెప్పొచ్చుగా?" అంది ఇర్మెలి.

"అక్కడ అవసరం పడలేదు."

"నేనేమనుకున్నానో తెలుసా? ఎనిమిది రోజులూ నేను వాగుతూ ఉంటే నువ్వు కిటికీకేసి చూస్తూ కూర్చుంటావు. నా మాటలు నీకు విసుగనుకున్నా. నలుగురు మగవాళ్ళు దొరికితే కాస్త ఊపిరాడుతుందని నీకోసమే ఈ ఓడ వెతికానయ్యా!"

తౌనో తల అడ్డంగా ఊపాడు.

"కిటికీలోంచి బయటికి కాదు చూసేది," అన్నాడు. "అద్దంలో నువ్వు కనపడతావు. తిన్నగా నీ మొహంలోకి చూస్తే, ఏదో అంటుకుందనుకుని మాటలు ఆపేసి మొహం తుడుచుకుంటావు. మాటలు ఆగిపోతాయని అద్దంలో చూస్తా."

  ఇర్మెలి వచ్చి అతని జాకెట్ పట్టీ పట్టుకుంది.

"సినిక్కాకి నేనేదో ఒకటి చెప్పుకుంటాలే," అంది మెల్లగా.

అప్పుడు తౌనో, ఇరవైరెండు వీపుల మధ్య నిలబడి, భార్య మొహంలోకి తిన్నగా చూశాడు.

"ఏంటలా చూస్తున్నావు? మొహానికేమైనా అంటుకుందా?"

"కన్నీళ్ళు," అన్నాడు తౌనో. "తుడుచుకోకు. మాట్లాడు."