వేడి ఆలివ్, చల్లని వెర్దిక్కియో

"మన ఇంట్లో అతిథులు తిన్నాకే ఆడవాళ్ళు తింటారు దిలెత్తా" అన్నాను. మెత్తగానే అన్నాను. నా కోడలు చేతిలోని గ్లాసు గట్టు మీద పెట్టేసింది. కాసేపటికి వైన్ పారబోసి, గ్లాసు కడిగి బోర్లించింది. ఒక్క గుక్కయినా తాగలేదు.

ఆ పిల్ల చేసిన తప్పేమిటి? నిన్నంతా నా పక్కన కూర్చుని, ఉప్పునీళ్ళలో ఊరిన ఆలివ్‌లను చాకుతో చుట్టూ ఒలిచి గింజలు తీసింది. మాంసం కూరి మళ్ళీ కాయల్లా చుట్టింది. వేళ్ళు మండుతున్నా ఆపలేదు. ఇవాళ నేను నూనెలోంచి మొదటి వాయి తీయగానే ఒకటి ఊదుకుంటూ నోట్లో వేసుకుని, బల్ల మీదికి వెళ్ళాల్సిన సీసాలోంచి కాస్త వంపుకుంది. అంతే.

ఆదివారాలు మా ద్రాక్షతోట వెర్దిక్కియో వైన్ కొనేవాళ్ళు భోజనానికి వస్తారు. ముందు గదిలో నా భర్త ఎలియో వాళ్ళకు చెబుతున్నది వంటింట్లోకి వినబడుతోంది.

"మా వెర్దిక్కియోకి వేపుడే జోడీ. చేపైనా సరే, కుందేలైనా సరే. ఆలివ్ అయితే ఇక చెప్పక్కర్లేదు. కాని ముక్క నిప్పులా ఉండాలి, గుక్క మంచులా ఉండాలి. కాస్త ఆగారంటే రెండూ దండగే."

ముప్పై ఏళ్ళుగా ఇదే పాట. నేను వేయించడం ముగించి కూర్చునేసరికి ఆలివ్‌లు చల్లారిపోతాయి, సీసా అడుగున మిగిలింది వేడెక్కిపోతుంది. రెండూ దండగయ్యాకే నా వంతు వస్తుంది.

దిలెత్తాతో అన్న మాట నా సొంతమైనా కాదు. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఇదే పొయ్యి దగ్గర మా అత్తగారు ఫెర్నాండా నాతో అన్నది. నేనూ గ్లాసు కడిగి బోర్లించాను. ఈవిడలా మాత్రం అవకూడదని ఆ రోజే అనుకున్నాను. కోడలు లేని అత్త గుణవంతురాలంటారు, కోడలొచ్చేదాకా నేనూ గుణవంతురాలినే. ఆవిడ మాటతోపాటు ఆ మెత్తదనం కూడా నాకు వచ్చేసింది. కసిరితే దిలెత్తా ఎదురు తిరిగేదేమో. మెత్తగా చెబితే తప్పు తనదే అనుకుంటుంది. నేనూ ఇన్నేళ్ళు అలాగే అనుకున్నాను కదా.

"రొజాల్బా, ఇంకో పళ్ళెం" అని కేకేశాడు ఎలియో.

వాయి దించాను. ఐసులోంచి కొత్త సీసా తీసి రెండు గ్లాసుల్లో పోశాను. రెండు పీటలు లాగాను.

"కూర్చో" అన్నాను.

దిలెత్తా నా వైపు చూడలేదు, తలుపు వైపు చూసింది. ఆ భయం పెట్టింది నేనే.

"వాళ్ళకో, అత్తయ్యా?"

"నేనన్నది తప్పమ్మా. నీ నోటి దగ్గరిది లాగేశాను. చల్లారకముందే తిను."

ఇద్దరం తలా ఒకటి నోట్లో వేసుకున్నాం. నాలుక చుర్రుమంది. పైన చల్లటి గుక్క పడింది.

ఖాళీ పళ్ళెంతో ఎలియో గుమ్మంలో నిలబడ్డాడు. "ఏం చేస్తున్నారిక్కడ?"

ముందు నోట్లోని గుక్క మింగాను.

"నువ్వు అందరికీ చెప్పేది నిజమో కాదో చూస్తున్నాం. నిజమే ఎలియో. నూనె కాగే ఉంది, మిగతావి నువ్వు వేయించు."