ఎవరూ రాలేదన్న ఇల్లు

పెద్ద పదవులకు ప్రభుత్వం ఎంచుకున్నవాళ్ళు దేశ రహస్యాలు చూడాలంటే ముందు అనుమతి కావాలి. ఆ అనుమతి కోసం మా దర్యాప్తు అధికారులు వాళ్ళ ఇరుగుపొరుగును కలిసి, వాళ్ళ గుణగణాలు అడిగి రాసుకొస్తారు. నా పని ఆ తరువాతది. అదే ఇరుగుపొరుగుకు ఫోన్ చేసి, మావాడు నిజంగా వచ్చాడా, ఎంతసేపు కూర్చున్నాడు, ఏమడిగాడు అని కనుక్కుంటాను. ఇంట్లో సోఫాలో కూర్చుని, కలవని మనుషుల చేత కూడా మాట్లాడించే ఘనులు మాలో ఉన్నారు మరి. పరాయివాళ్ళ సంగతులు కూపీ లాగడం నాకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు. ఆ జబ్బుకు జీతమిచ్చే ఆఫీసు వాషింగ్టన్‌లో దొరకడం నా అదృష్టం.

ఆ వసంతంలో గారెట్ సెల్బీ ఫైలు వచ్చింది. కొత్త ప్రభుత్వం ఆయన్ని ఉపమంత్రిని చేయబోతోంది. ఆయన పక్కింట్లో ఉండే లియోటా హెమ్లీ అనే పెద్దావిడను మా దర్యాప్తు అధికారి ఎమ్మెట్ స్టోడర్డ్ కలిసి నివేదిక రాశాడు. చలికాలమంతా సెల్బీ ఇంటి కింది గదిలో ఒక విదేశీయుడు ఉన్నాడని ఆవిడ చెప్పిందట. ఎవరైనా అడిగితే గోడలకు రంగులేసేవాడని చెప్పమని సెల్బీ ఆవిణ్ణి కోరాడట. సెల్బీ మాత్రం తన ఇంట్లో విదేశీయులెవరూ ఉండలేదని మాకు రాసిచ్చాడు.

నేను ఆవిడకు ఫోన్ చేశాను. "మా ఇంటికి ఎవరూ రాలేదమ్మా," అని ఠక్కున పెట్టేసింది.

మా పైఅధికారి ట్రాస్క్ మొహం వెలిగిపోయింది. "చూశావా నోరా? అంతా కట్టుకథ. ఆ నివేదిక తీసి పారెయ్. శుక్రవారానికి సెల్బీ ఫైలు పైకి వెళ్ళాలి."

"మరి ఎమ్మెట్?"

"ఉద్యోగం పోయినట్టే. దొంగ నివేదికకు జైలు కూడా ఉంటుంది. అది లాయర్లు చూసుకుంటారు."

ఎమ్మెట్ క్యాంటీన్‌లో ఒక మూల కాఫీ ముందు పెట్టుకుని, తాగకుండా కూర్చున్నాడు. నన్ను చూడగానే లేచాడు.

"వెళ్ళాను నోరా, ఒట్టు! ఆవిడ వంటింట్లోనే కూర్చున్నాను. ఇప్పుడెందుకలా అంటోందో నాకేం తెలుసు? మా ఆవిడకింకా చెప్పలేదు. ఎలా చెప్పాలో నువ్వే చెప్పు."

నాకు జాలేసింది. కానీ జాలితో ఫైలు మూయలేం. నన్ను నిలవనీయనిది ఇంకొకటి. కలవకుండానే రాసేవాళ్ళను నేను చాలామందిని పట్టుకున్నాను. వాళ్ళెప్పుడూ పొగడ్తలే రాస్తారు. మంచివాడు, పొద్దున్నే నడకకు వెళ్తాడు, గడ్డి శుభ్రంగా కోయిస్తాడు అంటే ఫైలు అక్కడితో సరి. ఒక్క చెడ్డమాట రాస్తే, అది నిజమో కాదో తేల్చడానికి ఇంకా పదిమంది గుమ్మాలెక్కాలి. పని ఎగ్గొట్టాలనుకున్నవాడు కొత్త పని నెత్తికెత్తుకుంటాడా? ఈ ప్రశ్న నన్ను రెండు రోజులు కుదురుగా కూర్చోనివ్వలేదు. చివరికి ట్రాస్క్‌కు చెప్పకుండా నది దాటి, సెల్బీ ఇల్లున్న ఆర్లింగ్‌టన్ వెళ్ళాను.

లియోటా హెమ్లీ తలుపు సగమే తెరిచింది. చక్కగా దువ్విన తెల్లజుట్టు, ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులు.

"ఫోన్‌లో చెప్పాగా అమ్మాయ్, ఎవరూ రాలేదని."

"అయితే నేనే మొదటిదాన్నన్నమాట. కాస్త కూర్చోనిస్తారా?"

గుర్తింపు కార్డు చూపించి లోపలికి వెళ్ళాను. సెల్బీ గురించి మా వాళ్ళందరూ అడిగే ప్రశ్నలే వరసగా అడిగాను. అన్నింటికీ ఒకటే జవాబు: మంచి కుర్రాడు. యాభై దాటిన కుర్రాడు! చివర్లో మేము తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. ఏ అధికారి అడిగినా అవే మాటలు. అలవాటుకొద్దీ అదీ అడిగాను. "ఆయన మాకు పేరు ఇవ్వనివాళ్ళలో, ఆయన్ని బాగా ఎరిగినవాళ్ళు ఇంకెవరున్నారు?"

"మళ్ళీ అదేనా!" ఆవిడ విసుక్కుంది. "మొన్న ఆయనక్కూడా చెప్పాగా, ఉత్తరాలు పంచే..."

అక్కడ ఆగిపోయింది. ఆవిడ బల్లమీద తుడిచిన చోటే మళ్ళీ తుడిచి, కుర్చీలో కూలబడింది.

"మీవాడు ఇది మన మధ్యే ఉంటుందన్నాడు," అంది. "వారం తిరక్కుండా సెల్బీ వచ్చాడు. ఆ విదేశీయుడు కాచిన బీట్‌రూట్ సూప్ వాసన మా కిటికీ దాకా వచ్చేదని నేను మీవాడితో అన్నాను. ఆ మాట పొల్లుపోకుండా నాకే అప్పజెప్పాడు, నవ్వుతూ. మా అమ్మాయి పనిచేసే శాఖకే తను వస్తున్నాడట. 'మీ పాప బాగా పైకొస్తుంది లియోటా గారూ' అన్నాడు. నేనేం చెయ్యను తల్లీ? నాకున్నది అదొక్కతే."

ఇది మన మధ్యే అనే మాట మేమందరం అంటాం. గుమ్మంలో బూట్లు తుడుచుకున్నట్టు, ఆలోచించకుండా అంటాం. సూప్ మాట ఉన్న నివేదిక ఎమ్మెట్, నేను, ట్రాస్క్ తప్ప ఎవరూ చూడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎమ్మెట్ వచ్చాడని మీరు ఒప్పుకోకపోతే ఆయన జైలుకు పోవచ్చు," అన్నాను.

ఆవిడ ఉలిక్కిపడింది. "జైలుకా? ఆ మాట ఎవరూ చెప్పలేదే!" కిటికీలోంచి సెల్బీ ఇంటివైపు చూసింది. "ఈసారి నేను చెబితే సెల్బీకి తెలియదని మాటివ్వగలవా?"

ఇవ్వగలనన్న అబద్ధం నోటిదాకా వచ్చింది.

"ఇవ్వలేను. మీరు చెప్పింది ఈసారి మా పైఅధికారి ట్రాస్క్‌కు ఇవ్వను, అతన్ని తనిఖీ చేసేవాళ్ళకే ఇస్తాను. అయినా ఎప్పుడో ఒకప్పుడు సెల్బీ చెవిన పడుతుంది."

"పోనీలే, నువ్వు నిజం చెప్పావు." ఆవిడ లేచింది. "ఎలాగూ చేరేదే అయితే నా నోటితోనే చేరనీ. మా అమ్మాయికి నేనే చెప్పుకుంటాను. నువ్వూ రా. రేపు నేను ఈ మాట అనలేదని ఎవరూ అనకుండా వినేవాళ్ళొకరుండాలి."

"మీరు వెళ్ళక్కర్లేదండీ, ఇక్కడే చెబితే చాలు..."

వింటేగా! ఆ మెత్తటి చెప్పులతోనే తడిగడ్డి దాటి పక్కింటి గంట నొక్కేసింది. నేను వెనకాలే పరిగెత్తాను.

సెల్బీ తలుపు తీసి, "ఏంటి లియోటా గారూ, ఇలా వచ్చారు?" అన్నాడు.

"ఎమ్మెట్ స్టోడర్డ్ అనే ఆయన మా ఇంటికొచ్చాడు బాబూ. ఆయన రాసింది నేను చెప్పిందే. ఎవరూ రాలేదన్నది నేనే, నీకు భయపడి." ఆవిడ గుమ్మంలోకి ఇంకో అడుగు వేసింది. "మా అమ్మాయిని ఏం చేసుకుంటావో చేసుకో."

సెల్బీ నా మెడలోని కార్డు చూశాడు. మొహంలో కాస్త చిరాకు, అంతే. ఇంత దూరం వచ్చాక నా జబ్బు ఊరుకుంటుందా?

"ఆవిడ మాతో అన్న మాటలు మీకెలా తెలిశాయండీ?" అని అడిగాను.

"అదేం ప్రశ్న?" అన్నాడాయన. "మీ ట్రాస్కే ఆ నివేదిక పంపించాడు. పదవులకు ఎంచుకున్న మావాళ్ళందరికీ పంపిస్తాడుగా!"