వలిసె చేలో చెప్పులు

పెళ్ళయిన మూడోవారంలో, అరకు దారిలో వలిసె పూలు విరగబూశాయని విని ఇంద్రజ ఎగిరి గంతేసింది. ఆ పసుపు మధ్య ఉదయ్‌కుమార్‌తో ఒక్క ఫొటో దిగాలి, అంతే ఆమె కోరిక. తీరా ఆదివారం తెల్లారేసరికి కారు ముందు సీట్లో అత్తగారు కాంతం కూర్చునుంది.

ఘాట్ రోడ్డు పొడుగునా ఆవిడ సాధింపే. చేను కనబడగానే ఇంద్రజ అదంతా మరిచిపోయి గట్టు దిగేసింది.

"ఓలమ్మో! సెప్పులేసుకుని పంటలోకి దిగిపోతన్నావేటే? మా ఊర్లో అయితే కాళ్ళిరగ్గొడతారు. క్వార్టర్సులో పెరిగినోళ్ళకేటి తెలుస్తాది!"

తప్పు తనదే. ఇంద్రజ చెప్పులు విప్పి గట్టు మీద పెట్టింది. వేళ్ళ సందుల్లోకి చల్లటి మట్టి చేరితే అంత కోపంలోనూ నవ్వొచ్చింది.

"ఇప్పుడు రండి," అని మొగుణ్ణి పిలిచింది.

"నువ్వెల్లకురా," అంది కాంతం.

అతను కదల్లేదు. ఇంద్రజ ఒక్కతే సెల్ఫీ తీసుకుంది.

తిరుగు దారిలో టీకి ఆగినప్పుడు అతను మెల్లిగా అడిగాడు. "ఫొటో బాగొచ్చిందా?"

ఆమె ఫోను అతని ముందుకు తోసింది. నవ్వుతున్న ఇంద్రజ వెనక, గట్టు మీద, తల్లి పక్కన, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడతను.

"చెప్పులైతే విప్పారు," అంది ఇంద్రజ, అత్తగారికి వినబడేలాగే. "అడుగెయ్యడానికే అమ్మ ఒప్పుకోలేదు, పాపం!"

కాంతం టీ గ్లాసు బల్ల మీద టప్పున పెట్టింది. గాజువాకలో ఇల్లు చేరేలోపే ఇంద్రజ ఆ ఫొటోని వాట్సాప్ డీపీగా పెట్టేసుకుంది.