దూకింది నేనే

ఫైటర్ల సంఘం ఆఫీసులో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. రిజిస్టర్లో ఎక్కడో ఉండే ఉంటుంది. అందరూ దూకుడక్క అనేవాళ్లు. ఇరవై ఏళ్లపాటు సినిమాల్లో హీరోయిన్ల బదులు గోడలు, మేడలు, కదిలే బళ్లు దూకింది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరు, కాదు నోటి దూకుడు వల్ల వచ్చిందని కొందరు. రెండూ నిజమే.

యాభై నాలుగో ఏట ఆమెకొక ఉద్యోగం దొరికేలా ఉంది. కొత్తగా పెట్టిన ఫైటింగ్ స్కూలు వాళ్లు ఆడపిల్లలకు దూకడం, దెబ్బ తగలకుండా పడడం నేర్పే మనిషి కోసం వెతుకుతున్నారు. "మీరొస్తే అంతకన్నానా! సంఘం నుంచి అనుభవం సర్టిఫికెట్ ఒక్కటి తెచ్చుకోండి చాలు" అన్నారు.

ఆ ఒక్కటే సంఘం కార్యదర్శి దగ్గర ఇరుక్కుంది. సర్టిఫికెట్ కావాలంటే ప్రమాదకరమైన స్టంటు ఒక్కటైనా చేసినట్టు రుజువు చూపాలి. నీళ్ల ట్యాంకు మీదినుంచి పరిగెడుతున్న లారీలోకి దూకానని ఆమె దరఖాస్తులో రాసింది. కార్యదర్శి కళ్లజోడు పైకి తోసుకుని నవ్వాడు.

"అది హీరోయినమ్మే స్వయంగా దూకింది కదమ్మా. ఎన్ని ఇంటర్వ్యూల్లో చెప్పిందో!"

"చెప్పింది. మెడ కింద ఎముక విరిగి మూడు నెలలు మంచంలో పడి ఉన్నప్పుడు నేనూ విన్నాను."

"మరి రుజువు?"

రుజువు ఎక్కణ్ణుంచి వస్తుంది? సినిమా టైటిల్స్‌లో ఆమె పేరు వెయ్యలేదు. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. దూకించిన ఫైట్ మాస్టరు పోయాడు. కానీ దూకుడక్క దగ్గర ఒక ఆధారం ఉంది, చేతికే ఉంది. చిన్నప్పుడు నాన్న వర్క్‌షాపులో మిషను బెల్టు కింద పడి ఆమె ఎడమ చిటికెనవేలు సగం తెగిపోయింది. షూటింగప్పుడు దానికి మైనపు వేలు అతికించేవాళ్లు. ఆ రోజు ఎండకు మైనం ఊడిపోయింది. లారీ గొలుసు పట్టుకున్న ఒక్క క్షణం, నాలుగున్నర వేళ్ల చెయ్యి సినిమాలో పడింది.

ఫోన్లో ఆ సీను తీసి చూపించింది. కార్యదర్శి దగ్గరగా చూసి తల అడ్డంగా ఊపాడు. "అంతా మసక. వేళ్లా, అరటిపళ్లా తెలియడం లేదు. పైగా ఇది నెట్‌లో పెట్టిన దొంగ కాపీ. దొంగ కాపీలు సంఘం చూడదు. అసలు డీవీడీ తెచ్చి హాల్లో తెర మీద వెయ్యండి, కమిటీ చూస్తుంది."

"తెస్తాను" అంది దూకుడక్క. 'ఎక్కడ దొరుకుతుందిలే' అన్న ధీమా అతని మొహంలో కనబడింది. అదే ఆమెకు పట్టుదల పెంచింది.

ఆ సినిమా డీవీడీ పరాయి దేశంలో తప్ప ఎక్కడా అమ్మలేదు. అక్కడి పాత డిస్కుల కొట్టు ఒకటి వెతికి పట్టుకుని తెప్పించేసరికి నెల పట్టింది. ఆదివారం మధ్యాహ్నం అది పట్టుకుని తమ్ముడింటికి వెళ్లింది. తమ్ముడి భార్య బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్తుంది. మెత్తని మనిషి. పెళ్లయిన పదేళ్లలో ఎవరితోనూ గట్టిగా మాట్లాడింది లేదు. డిస్కు పెట్టే సౌకర్యం ఉన్న పాత లాప్‌టాప్ ఆమె దగ్గరుంది.

అన్నాల బల్ల తుడిచి, లాప్‌టాప్ పెట్టి, డిస్కు వేసింది మరదలు. తెర మీద సినిమా రాలేదు, హెచ్చరిక వచ్చింది.

"ఈ డిస్కు వేరే ప్రాంతానికి చెందిందట వదినా. లాప్‌టాప్‌లో డిస్కు తిప్పే డ్రైవుకు మనం ప్రాంతం మార్చాలి. అలా ఐదుసార్లే మార్చనిస్తుంది. ఇది నేను సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను కదా, ముందువాళ్లు నాలుగుసార్లు వాడేశారు."

"ఇంకొకటి ఉందిగా?"

"ఉంది. మార్చితే ఇక జన్మలో వెనక్కి రాదు. నా పాఠాల డిస్కులు ఇందులో ఆడవు."

దూకుడక్క "వద్దులేవే. నా గొడవకి నీ పని ఎందుకు పాడుచేసుకుంటావు?" అని డిస్కు తిరిగి పెట్టడానికి డబ్బా తెరిచింది.

మరదలు తెరకేసి చూస్తూనే ఉంది. "కొనుక్కున్న డిస్కు మన ఇంట్లో మనం చూడొద్దనడానికి వీడెవడు వదినా?" అంది నెమ్మదిగా. అని మీట నొక్కేసింది.

అయినా ఆడలేదు. ఈసారి కాపీ రక్షణలో సమస్య అని వచ్చింది. డ్రైవుకూ, బొమ్మను విప్పే సాఫ్ట్‌వేరుకూ, వీడియో కార్డుకూ పొత్తు కుదరడం లేదట.

"ముగ్గురు తోడికోడళ్ల తగువులా ఉందే" అంది దూకుడక్క.

మరదలు వీడియో కార్డును నడిపే కొత్త డ్రైవరు ప్రోగ్రాము దించి ఎక్కించింది. మిషను ఆపి మళ్లీ పెట్టింది. అదే మాట. "రిజల్యూషన్ తగ్గించి చూడమంటోంది."

"తగ్గమని అందరూ చెప్పేవాళ్లే!"

తగ్గించినా లాభం లేకపోయింది. చివరికి పాత ప్లేయరు తీసేసి కొత్తది వేస్తే, సాయంత్రం ఐదింటికి నీళ్ల ట్యాంకు తెర మీద కనబడింది. గొలుసు పట్టుకున్న చోట మరదలు బొమ్మ ఆపింది. ఎంత స్పష్టంగా ఉందంటే, తెగిన వేలి చివరి ముడత కూడా కనిపిస్తోంది. దూకుడక్క చాలాసేపు అలాగే చూసింది. ఇన్నేళ్లలో తను దూకడం తను సరిగ్గా చూసుకున్నది అప్పుడే.

బుధవారం పదకొండింటికి కమిటీ కూర్చుంది. పొడుగాటి బల్ల వెనక ఐదుగురు, మధ్యలో అధ్యక్షుడు పెద్ద మాస్టారు, పక్కన కార్యదర్శి. వాళ్లకెదురుగా గోడకు తెల్ల తెర. మరదలు బడికి సెలవు పెట్టి వచ్చింది. లాప్‌టాప్‌కు ప్రొజెక్టరు వైరు తగిలించి, సినిమా పెట్టింది. గోడ మీద నల్లగా ఒక పలక, దాని మధ్య ఒక ముక్క: రక్షణ ఉన్న ఈ చిత్రాన్ని ఈ తెర మీద చూపడం కుదరదు.

వైరు పీకితే లాప్‌టాప్‌లో సినిమా హాయిగా ఆడుతోంది. పెడితే ఆగిపోతోంది. వేరే వైరు మార్చారు. ప్రొజెక్టరు ఆపి వెలిగించారు. ఇరవై నిమిషాలు గడిచాయి. మరదలి నుదురంతా చెమట.

కార్యదర్శి ఫైలు మూశాడు. "చూశారుగా. మిషనే ఒప్పుకోవడం లేదు, మేమేం చేస్తామమ్మా?"

దూకుడక్క లేచింది.

"దొంగ కాపీ తెస్తే ఈపాటికి నిక్షేపంగా ఆడేది. అది చెల్లదన్నారు. దేశాలు దాటించి అసలుది తెచ్చాను. ఇది ఆడదంటున్నారు. నిజాయితీగా కొన్నవాళ్ల నోరే కొట్టే తాళం ఇది. సరే, సినిమా గోడ మీదికి రాదు. మీరే దాని దగ్గరికి రండి."

"నిబంధన ప్రకారం తెర మీద..."

"లాప్‌టాప్‌కి ఉన్నదాన్ని ఏమంటారు మరి? దుప్పటా?"

ఎవరో నవ్వి దగ్గులోకి మార్చుకున్నారు. ఆమె స్టూలొకటి ఈడ్చుకొచ్చి హాలు నడిమధ్యన వేసి, లాప్‌టాప్ దాని మీద పెట్టింది. ఎవరూ కదల్లేదు.

"మీరు లేచేదాకా నేనూ ఇక్కడే ఉంటాను. రేపైనా సరే, ఎల్లుండైనా సరే. కదలకుండా ఉండడం మూడు నెలలు ప్రాక్టీసు చేశాను."

నిమిషం గడిచింది. పెద్ద మాస్టారు మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. బల్ల చుట్టూ తిరిగొచ్చి స్టూలు ముందు వంగాడు. ఆయన లేచాక మిగిలినవాళ్లు కూర్చోలేకపోయారు. ఐదు తలలు చిన్న తెర మీద గుమిగూడాయి.

లారీ వచ్చింది, మనిషి గాల్లోకి లేచింది, చెయ్యి గొలుసును అందుకుంది. మరదలు బొమ్మ ఆపింది. దూకుడక్క తన ఎడమ చెయ్యి తెర పక్కన పెట్టింది.

"వేలు తెగినవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు" అన్నాడు కార్యదర్శి.

"ఉంటారు సార్." ఆ గొంతు మరదలిది. "హీరోయిన్ గారికి ఐదు వేళ్లూ ఉన్నాయి కదా? ఎవరు దూకారో తర్వాత తేల్చుకోండి. ఎవరు దూకలేదో ముందు రాసుకోండి."

పెద్ద మాస్టారు ఆ ముక్క మళ్లీ వేయించుకుని చూశాడు. "పడేటప్పుడు భుజం లోపలికి మడిచింది చూశారా? అది నేర్చుకున్న ఒళ్లు. నటించే ఒళ్లు అలా మడవదు" అన్నాడు. కార్యదర్శి వైపు తిరిగి, "రాయవయ్యా. సభ్యులు కుర్చీల్లోంచి లేచి వెళ్లి చూశారని కూడా రాయి" అన్నాడు.

ఎనిమిదో రోజున సర్టిఫికెట్ వచ్చింది. అందులో 'హీరోయిన్‌కు సహాయంగా దూకారు' అని ఉంది. దూకుడక్క చెప్పులేసుకుని సరాసరి ఆఫీసుకు వెళ్లి ఆ కాగితం కార్యదర్శి బల్ల మీద పెట్టింది.

"సహాయమేమిటండీ? పైసగం ఆవిడ దూకి, కిందిసగం నేను దూకానా?"

అతను గొణుక్కుంటూనే ఆ మాట కొట్టేసి కొత్తది టైపు చేయించాడు. టైపయ్యేదాకా ఆమె బల్ల ముందునుంచి కదల్లేదు.

సోమవారం స్కూల్లో చేరింది. మరదలికి పాఠాల డిస్కుల కోసం విడిగా ఒక డ్రైవు కొనిచ్చింది. మొదటి రోజు పిల్లలెవరినీ గోడ ఎక్కనివ్వలేదు. పరుపులు వేయించి, పొద్దుగూకేదాకా పడడమే నేర్పింది.